గండికోటలో ఆ రాత్రి పొయ్యి అంటుకోలేదు – క్యాంపింగ్‌కు నమ్మకంగా పనిచేసే నిప్పు సాధనం ఏది?

పెన్నొడ్డు (ప్రొద్దుటూరు) – శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన కార్తీకంలో జరిగింది ముందు చెప్తాను, తర్వాత అడగాల్సింది అడుగుతాను.

మేం నలుగురం స్నేహితులం, మాతో పాటు మా అక్క కొడుకు. వాడికి 9 ఏళ్ళు. గండికోటలో లోయకు కాస్త ఎడంగా టెంట్ వేసుకున్నాం. సాయంత్రం దాకా ఎండ బాగానే ఉంది. 7 దాటాక తుంపర మొదలైంది, దాంతో పాటే పెన్న లోయలోంచి గాలి. లైటర్ నా ప్యాంటు జేబులో ఉండి తడిసిపోయింది. చక్రం ఎంత తిప్పినా బొటనవేలు మండడమే గానీ రవ్వ రాలేదు. అగ్గిపెట్టె బ్యాగు పక్క జేబులో పెట్టాను. పుల్ల గీస్తే తల మెత్తగా నలిగి పట్టీకి అంటుకుపోయింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. పెట్టె మొత్తం అలాగే అయిపోయింది.

బియ్యం, పెసరపప్పు, గిన్నె, టార్పాలిన్ కింద పొడిగా దాచిన కట్టెలు అన్నీ ఉన్నాయి. పిల్లాడు రెండు బిస్కెట్ ప్యాకెట్లు తిని, చలికి ముడుచుకుని పడుకున్నాడు. నేను మాత్రం తెల్లవార్లూ కూర్చునే ఉన్నాను. వాడిని నన్ను నమ్మి పంపించారు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్తున్నాం. ఆన్‌లైన్‌లో ఫెర్రో రాడ్, ప్లాస్మా లైటర్, జెట్ లైటర్, వానలోనూ వెలుగుతాయనే అగ్గిపుల్లలు కనిపిస్తున్నాయి. 500 రూపాయల లోపు ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి? నిజంగా వాడినవాళ్ళు చెప్పండి.

---

రాత్రిబస్సు (అనంతపురం) – శనివారం, రాత్రి 9:58

రెండు మామూలు లైటర్లు కొని, జిప్ కవర్‌లో పెట్టుకోండి. 40 రూపాయల్లో పని అయిపోతుంది.

---

గాలిమర (కళ్యాణదుర్గం) – శనివారం, రాత్రి 10:31

రాత్రిబస్సు అన్న చెప్పింది తప్పు కాదు, కానీ గాలి సంగతి మర్చిపోకూడదు. మా ఊరి చుట్టూ గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో మా కొండల మీద మామూలు లైటర్ వెలిగించి చూడండి, మంట బయటికి రాకముందే ఆరిపోతుంది. ఆ మంట పసుపుగా, మెత్తగా ఉంటుంది. చిన్న గాలికే పక్కకు పడుకుంటుంది.

జెట్ లైటర్‌లో గ్యాస్ ముందే గాలితో కలిసి, నీలం మంటగా ఒత్తిడితో బయటికి వస్తుంది. అందుకని గాలికి అంత తొందరగా ఆరదు. నేను రెండేళ్ళు వాడాను. ఇబ్బందులు కూడా చెప్పాలి. గ్యాస్ చాలా తొందరగా అయిపోతుంది. సన్నటి రంధ్రంలో మన ఎర్రమట్టి దుమ్ము చేరితే మూసుకుపోతుంది. రవ్వ పుట్టించే చిన్న మీట తడిస్తే ‘టిక్’ మంటుంది గానీ అంటుకోదు. రామగిరి కొండ మీద ఒకసారి నాకు సరిగ్గా ఇదే జరిగింది, కాబట్టి ఆ ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్ళొద్దు.

ఇంకో మాట. అంటించేటప్పుడు గాలికి అడ్డం కావాలి, అంటుకున్నాక గాలి కావాలి. కొత్తవాళ్ళు పొయ్యి చుట్టూ రాళ్ళు నాలుగు వైపులా కట్టేస్తారు. అప్పుడు పొగే తప్ప మంట రాదు. గాలికి వీపు పెట్టి కూర్చుని అంటించండి. రాజుకున్నాక పక్కకు జరిగి గాలి తగలనివ్వండి.

---

నల్లమల నడక (నంద్యాల) – శనివారం, రాత్రి 11:15

పెన్నొడ్డు గారూ, నా సమాధానం ఫెర్రో రాడ్, అంటే గీకితే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ. 6 ఏళ్ళుగా ఒకటే వాడుతున్నాను, ఇంకా సగం కూడా అరగలేదు.

ఇది కొత్త వస్తువేమీ కాదు. 1903లో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ కనిపెట్టిన మిశ్రమలోహం. సీరియం, లాంథనం లాంటి లోహాలకు ఇనుము కలిపి చేస్తారు. మీ లైటర్ చక్రం కింద ఉండే చిన్న ‘రాయి’ కూడా అదే పదార్థం. పదునైన అంచుతో గీకితే ఊడిన రజను గాలి తగలగానే తనంతట తానే మండుతుంది. ఆ రవ్వలు దాదాపు 3,000 డిగ్రీల వేడి ఉంటాయి. గ్యాస్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. నీళ్ళలో ముంచి తీసి, తుడిచి గీకినా రవ్వలు వస్తాయి.

కానీ కొన్న రోజే అడవికి తీసుకెళ్తే మీకు మళ్ళీ ఆ గండికోట రాత్రే ఎదురవుతుంది. నేను మొదటిసారి 40 నిమిషాలు గీకాను. చేతులు బొబ్బలెక్కాయి, పొయ్యి మాత్రం అంటుకోలేదు. తర్వాత నేర్చుకున్నవి ఇవి:

కొత్త రాడ్ మీద నల్లటి పూత ఉంటుంది. ముందు దాన్ని ఒక వైపు పూర్తిగా గీకేయాలి. పూత మీద గీకినంతసేపూ రవ్వలు సరిగా రావు.

గీకేదాన్ని కదిలించకండి. రాడ్ కొనను దూది పక్కన ఆనించి, గీకే రేకును దాని మీద గట్టిగా నొక్కి, రాడ్‌నే మీ వైపు వెనక్కి లాగండి. రేకును ముందుకు తోస్తే చెయ్యి జారి, కూడబెట్టిన దూది, చితుకులు అన్నీ చెల్లాచెదురు అవుతాయి. నా 40 నిమిషాల్లో సగం ఇందుకే పోయాయి.

తొందరగా, పైపైన గీకకండి. నెమ్మదిగా, బలంగా. లోహం పెద్ద పలుకులుగా ఊడితే ఆ రవ్వలు ఎక్కువసేపు మండుతాయి.

రాడ్‌తో ఇచ్చే రేకు చాలాసార్లు మొద్దుగా ఉంటుంది. విరిగిన ఆక్సా బ్లేడు (ఇనుము కోసే రంపం బ్లేడు) వీపు దానికంటే బాగా పనిచేస్తుంది. కత్తి వాడితే పదును వైపు వద్దు, వీపు వైపు వాడండి. అది కూడా అంచు నిక్కచ్చిగా ఉంటేనే.

కనీసం 8 మిల్లీమీటర్ల మందం ఉన్నది కొనండి. తాళంచెవులకు తగిలించే సన్నటివి తడి చేతిలో పట్టు దొరకవు, విరుగుతాయి కూడా.

---

తుంగభద్ర తీరం (కర్నూలు) – ఆదివారం, ఉదయం 6:50

నల్లమల నడక గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. చలికి చేతులు కొంకర్లు పోయిన మనిషి, పక్కన ఆకలితో ఉన్న పిల్లాడు. ఆ సమయంలో రవ్వలు కాదు, మంట కావాలి. ఫెర్రో రాడ్ ఇచ్చేది రవ్వ. అగ్గిపుల్ల, లైటర్ ఇచ్చేది మంట. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. రవ్వకు దూది లాంటి మెత్తటిది కావాలి, మంటకు సన్నటి పుల్ల చాలు.

అగ్గిపుల్ల తప్పేమీ లేదు, దాచిన తీరులోనే తప్పు జరిగింది. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, పెట్టె పక్క పట్టీలో ఎర్ర భాస్వరం. రెండూ పొడిగా ఉండి రాసుకుంటేనే మంట. మీ పెట్టెలో రెండూ చెమ్మగిల్లాయి.

నేను చేసేది చెప్తాను. కొవ్వొత్తి కరిగించి, పుల్ల తలతో పాటు ఒక అర అంగుళం ముంచి ఆరబెడతాను. గీసే ముందు తల మీది మైనాన్ని గోటితో తీసేస్తాను. హోమియో మాత్రల సీసాలో 15 పుల్లలు పడతాయి. పెట్టె పట్టీని కత్తిరించి, ఎర్ర వైపు సీసా గోడకు ఆనేలా వేరుగా దూరుస్తాను. పుల్లల తలలు పట్టీకి రాసుకోకూడదు, అది చాలా ముఖ్యం. మూత చుట్టూ టేప్.

ఖర్చెంతంటారా? 14 ఏళ్ళు రూపాయికే దొరికిన అగ్గిపెట్టె 2021 డిసెంబరులో 2 రూపాయలైంది. ఆ 2 రూపాయలు, ఒక కొవ్వొత్తి.

---

నల్లమల నడక (నంద్యాల) – ఆదివారం, ఉదయం 7:22

» రవ్వకు దూది లాంటి మెత్తటిది కావాలి, మంటకు సన్నటి పుల్ల చాలు.

ఈ మాట ఒప్పుకుంటాను. నిజానికి నేను కూడా మొదట లైటరే వాడతాను. అది పనిచేయని రోజుకు రాడ్. ‘ఒక్కటే’ అన్నారు కాబట్టి అలా చెప్పాను. ఒక్కటే వద్దు, రెండు వేరు వేరు రకాలు పెట్టుకోండి. రెండు లైటర్లు ఉంటే రెండూ ఒకే కారణానికి పనిచేయకుండా పోతాయి.

---

హారతిపళ్ళెం (కడప) – ఆదివారం, ఉదయం 10:05

అందరూ సాధనం గురించే మాట్లాడుతున్నారు. దాని కింద ఏం పెట్టి అంటిస్తారో దాని గురించి ఎవరూ చెప్పట్లేదు. 20 ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వంట చేసినదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. వంటింట్లో గ్యాస్ స్టవ్‌కు వాడే లైటర్ తీసుకుని మా బంధువుల పిల్లలు యాగంటి వెళ్ళారు. అది ‘టక్ టక్’ మంటుంది, చిన్న రవ్వ వస్తుంది, కానీ దూదిని కూడా అంటించలేదు. ఆ రవ్వ గ్యాస్‌ను మాత్రమే అంటించగలదు. మీతో గ్యాస్ స్టవ్ ఉంటే సరే, కట్టెలకు అది దండగ.

ఇప్పుడు అసలు విషయం. మన ప్రతి ఇంట్లో దేవుడి గూటిలో ఉండే కర్పూరాన్ని మించిన, నిప్పు రాజేసే సరుకు నాకు తెలియదు. నీళ్ళ మీద తేలుతూ కూడా మండుతుంది. తడి చేత్తో పట్టుకున్నా, తుడిచి అగ్గిపుల్ల చూపిస్తే అందుకుంటుంది. రెండు బిళ్ళలు చితుకుల కింద పెడితే, కాస్త చెమ్మగా ఉన్న పుల్లలు కూడా ఆరి అంటుకునేంత సేపు మండుతాయి. మసి, వాసన ఉంటాయి కాబట్టి అది పూర్తిగా కాలిపోయాకే గిన్నె పెట్టండి. పాయసంలో వేసే పచ్చ కర్పూరం వేరు, హారతి కర్పూరం తినేది కాదు. పిల్లల చేతికి అందనివ్వకండి.

రవ్వలతో అంటించాలంటే కర్పూరాన్ని పొడి చేసి దూదిలో కలపండి. రవ్వ దూదికి అంటుకుంటే, దూది కర్పూరాన్ని అంటిస్తుంది.

రెండోది వాజిలిన్ దూది. దూది ఉండకు ఒక వైపు వాజిలిన్ బాగా పట్టించి చిన్న డబ్బాలో కుక్కుకోండి. వాడేటప్పుడు విప్పి, పీచు పీచుగా లాగండి. ఉండలాగే ఉంచితే రవ్వ పట్టదు. ఒక్కోటి 4, 5 నిమిషాలు మండుతుంది. దూది కొనేటప్పుడు చూసుకోండి, కొన్నింట్లో పాలిస్టర్ ఉంటుంది. కొంచెం తీసి కాల్చండి. బూడిదైతే పత్తి, కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టర్.

ఇవన్నీ లేకపోతే మన సీమలో దొరికేవి: కొబ్బరి పీచు, ఎండిన తాటాకు, శెనక్కాయ పొట్టు, కంది కట్టె. పిడక ఒక్కసారి అంటుకుంటే గంటలు నిలుస్తుంది, కానీ మొదట అంటించడానికి పనికిరాదు. కంప చెట్టు కట్టె నిప్పులు గట్టిగా ఉంటాయి, వంటకు చాలా మంచిది. ముళ్ళు మాత్రం టెంట్‌కూ, కాళ్ళకూ రెండింటికీ శత్రువులే.

---

పెన్నొడ్డు (ప్రొద్దుటూరు) – ఆదివారం, ఉదయం 10:40

అక్కా, చేతులెత్తి మొక్కుతున్నాను. కర్పూరం మా ఇంట్లో డబ్బాలు డబ్బాలు ఉంది, ఒక్కసారి కూడా తట్టలేదు. ఒక సందేహం. తెరిచి పెడితే బిళ్ళ కొన్నాళ్ళకు చిన్నదైపోతుంది కదా, బ్యాగులో నెలల తరబడి ఉంచితే?

---

హారతిపళ్ళెం (కడప) – ఆదివారం, ఉదయం 11:02

అవును, కర్పూరం కరగకుండానే ఆవిరైపోతుంది. మా అమ్మ డబ్బాలో నాలుగు మిరియాలు వేసేది, నేనూ వేస్తాను. కానీ అసలు కాపాడేది గాలి చొరని మూత. చిన్న మాత్రల సీసాలో నిండా నింపి, మూత గట్టిగా బిగించండి. ప్రతి ప్రయాణానికి ముందు తెరిచి చూసుకోండి.

---

గొర్రెలదారి (మడకశిర) – ఆదివారం, మధ్యాహ్నం 2:15

మా నాయన గొర్రెలు మేపేవాడు. నెలల తరబడి మంద వెంట తిరిగేవాడు. ఆయన మొలలో ఒక చిన్న సంచి ఉండేది. అందులో అరచేతిలో ఇమిడే ఉక్కు ముక్క, పలుగురాయి, మూత ఉన్న చిన్న గొట్టంలో కాల్చి నల్లగా చేసిన పాతగుడ్డ పీలికలు. చెకుముకి అంటే అదే.

రాయిని ఎడమచేత పట్టుకుని, నల్లగుడ్డను రాయి అంచు మీదే బొటనవేలితో అదిమి, ఉక్కుతో జారుగా కొట్టేవాడు. రవ్వ గుడ్డ మీద పడి ఎర్రటి చుక్కలా అంటుకునేది. దాన్ని ఎండుగడ్డి గూడులో పెట్టి ఊదితే మంట. ఇక్కడ రవ్వ రాయిది కాదు. గట్టి రాయి అంచు ఉక్కును సన్నగా చెక్కితే, ఆ ఉక్కు పలుకే మండుతుంది. ఫెర్రో రాడ్ రవ్వంత వేడి ఉండదు కాబట్టి మామూలు దూదికి అంటుకోదు, కాల్చిన గుడ్డే కావాలి.

ఆ గుడ్డ చేయడం తేలిక. నూలు గుడ్డ ముక్కలు ఒక రేకు డబ్బాలో వేసి, మూతకు సన్నటి చిల్లు పెట్టి, నిప్పుల మీద ఉంచాలి. చిల్లులోంచి పొగ రావడం ఆగాక తీసి, పూర్తిగా చల్లారేదాకా తెరవకూడదు. తొందరపడి తెరిస్తే గాలి తగిలి బూడిదవుతుంది.

మన అనంతపురం వైపు పలుగురాయి ఎక్కడైనా దొరుకుతుంది. క్యాంపింగ్‌కు దీన్నే వాడమని అనను. కానీ ఇది నేర్చుకున్నవాడికి నిప్పు అంటే ఏమిటో అర్థమవుతుంది. మా నాయన వానలో కూడా పొయ్యి రాజేసేవాడు. ఆయన పొద్దున్నుంచే దారిలో కనిపించిన పొడి చితుకులు ఏరి కంబళి లోపల దాచుకునేవాడు. అంటించేది రాత్రి, కానీ ఏర్పాటు పగలే మొదలయ్యేది.

---

నల్లమల నడక (నంద్యాల) – ఆదివారం, మధ్యాహ్నం 2:40

పెద్దాయన పగలంతా ఏరడం గురించి చెప్పారు చూడండి, ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన మాట అది. మేం అడవిలో తడిసిన కట్టె దొరికితే పైబెరడు తీసి, నిలువునా చీల్చి, లోపలి పొడి చెక్కను వాడతాం. కట్టె మీద కత్తితో సన్నగా చెక్కి, ఊడిపోకుండా ఈకల్లా వదిలేస్తే అది బాగా అందుకుంటుంది.

---

మెరుపు (గుత్తి) – ఆదివారం, సాయంత్రం 5:30

ప్లాస్మా లైటర్ వాడినవాణ్ణి నేనే అనుకుంటా, కాబట్టి చెప్తాను. గాలికి ఆరదు, ఎందుకంటే మంటే ఉండదు. రెండు కొనల మధ్య విద్యుత్ మెరుపు ఉంటుంది. ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. కాగితం కొన, సన్నటి ఒత్తి వెంటనే అంటుకుంటాయి. కానీ ఆ రెండు కొనల మధ్య ఖాళీ చాలా ఇరుకు. కట్టెపుల్ల దూరదు. వంచి పట్టుకుని పొయ్యిలోకి పెడదామంటే కుదరదు. లోపలికి నీళ్ళు పోతే ఇక అంతే. నాది గుత్తి కోట మెట్లెక్కుతుంటే వానకు తడిసి ఆగిపోయింది, మళ్ళీ పనిచేయలేదు. ఇంట్లో దీపానికి బాగుంటుంది, కొండకు వద్దు.

---

కొండారెడ్డి బురుజు (కర్నూలు) – ఆదివారం, రాత్రి 8:12

లైటర్లు వాడేవాళ్ళందరూ ఇది చదవండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద లైటర్ మర్చిపోయి, ఎండలో కారు ఆపి పెళ్ళికి వెళ్ళాను. వచ్చేసరికి లైటర్ పగిలి ముక్కలై ఉంది, అద్దం మీద గీత పడింది. కారులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. లైటర్ల మీద 50 డిగ్రీలు మించిన వేడిలో ఉంచవద్దని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మన ఎండకు మూసిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువే అవుతుంది.

ఇంకొకటి. బ్యాగులో సామాన్ల ఒత్తిడికి మీట నొక్కుకుని గ్యాస్ మొత్తం పోతుంది. మీట కింద రబ్బరు బ్యాండు మందంగా చుట్టండి, నొక్కుకోదు. గ్యాస్ ఎంత ఉందో కనిపించే పారదర్శకమైన లైటరే కొనండి.

తడిసిన లైటర్‌ను పారేయకండి. నీళ్ళు విదిల్చి, గట్టిగా ఊది, చక్రాన్ని పొడి గుడ్డ మీద కొన్నిసార్లు దొర్లించండి. చాలావరకు మళ్ళీ వెలుగుతుంది. పెన్నొడ్డు గారూ, ఆ రాత్రి మీకు ఇది తెలిసి ఉంటే బాగుండేది అనిపించింది. గ్యాస్ అయిపోయిన లైటర్ కూడా రవ్వ ఇస్తుంది, పీచు చేసిన దూది దానికే అంటుకుంటుంది.

---

గుంతకల్ జంక్షన్ (గుంతకల్లు) – ఆదివారం, రాత్రి 9:05

రైలులో వచ్చేవాళ్ళకు ఒక్క మాట. క్యాంపింగ్ స్టవ్ గ్యాస్ డబ్బాలు, కిరోసిన్, పెట్రోలు రైల్లో తేకూడదు. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. దిగిన ఊళ్ళో కొనుక్కోండి.

---

లంకమల (బద్వేలు) – సోమవారం, ఉదయం 6:30

ఎలా అంటించాలో అందరూ బాగా చెప్పారు. ఎక్కడ అంటించకూడదో నేను చెప్తాను, కోపగించుకోకండి.

నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. మా వైపు లంకమల్లేశ్వర అభయారణ్యం. అటు శేషాచలం. ఇవి మన ఇష్టానికి మంట పెట్టుకునే చోట్లు కావు. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడమే నేరం. ఫిబ్రవరి నుంచి మే దాకా బోదగడ్డి ఎండి కాగితంలా ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, కొండ కొండంతా తగలబడుతుంది. ఆ మంటలు నాలుగు రోజులు ఆరకుండా రాత్రిళ్ళు మా ఊరి మిద్దెల మీదికి కనిపించిన ఏడాది నాకు గుర్తుంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది ఈ లంకమల పొదల్లోనే. అది నేల మీదే తిరిగే పిట్ట. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ముఖ్యంగా మన ఈ కొండల్లోనే.

గండికోటలో కూడా కోట లోపల గుడి, మసీదు, ధాన్యాగారం గోడల దగ్గర మంట వద్దు. ఆ రాయికి పట్టిన మసి పోదు. టెంట్లు వేసే చోటు నడిపేవాళ్ళను అడగండి, వాళ్ళు చూపించిన చోటే పెట్టుకోండి. గాలి బాగా ఉంటే కట్టెల మంట మానేసి చిన్న గ్యాస్ స్టవ్ వాడండి. గాలికి అడ్డం పెట్టేటప్పుడు రేకును గ్యాస్ డబ్బా చుట్టూ పూర్తిగా చుట్టకండి, డబ్బా వేడెక్కి పేలుతుంది.

వచ్చేటప్పుడు నీళ్ళు పోసి, పుల్లతో కలిపి, మళ్ళీ పోసి, బూడిద దగ్గర చెయ్యి వెనక వైపు పెట్టి చూడండి. కొంచెం వెచ్చగా ఉన్నా ఆరనట్టే. ఎంత చలిగా ఉన్నా నిప్పుల కుంపటి టెంట్ లోపలికి తేవొద్దు. కుంపటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

---

నాపరాయి (బేతంచెర్ల) – సోమవారం, ఉదయం 8:45

లంకమల గారి మాటకు తోడు ఇది కూడా. మాది బండల పని. మన దగ్గర ఎక్కడ చూసినా నాపరాయి బండలే కాబట్టి పొయ్యికి అవే పెడతారు. అది పొరలు పొరలుగా ఉండే రాయి. పొరల మధ్య చెమ్మ ఉంటే వేడికి ఆవిరై పెంకులు ఎగిరిపడతాయి, కంటికి తగిలే ప్రమాదం. ఏటిలోంచి తీసిన తడి గుండ్లు కూడా వద్దు. చాలాకాలంగా ఎండలో ఉన్న, పొరలు లేని గట్టి రాళ్ళు చూసుకోండి.

---

పెన్నొడ్డు (ప్రొద్దుటూరు) – తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:20

వారం రోజులు మీరు చెప్పినవన్నీ మిద్దె మీద చేసి చూశాను. అక్క కొడుకు కూడా పక్కనే ఉన్నాడు, వాడిని కూడా నేర్చుకోమన్నాను.

బకెట్ నీళ్ళలో అన్నింటినీ 10 నిమిషాలు ముంచాం. మామూలు అగ్గిపెట్టె పూర్తిగా పోయింది. తుంగభద్ర తీరం గారి సీసా లోపల చుక్క నీరు లేదు, మొదటి పుల్లకే వెలిగింది. లైటర్ ముందు పనిచేయలేదు. కొండారెడ్డి బురుజు గారు చెప్పినట్టు ఊది, లుంగీ మీద చక్రం దొర్లిస్తే 2 నిమిషాల్లో వెలిగింది. అది వెలిగినప్పుడు గండికోట రాత్రి గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫెర్రో రాడ్ 10 మిల్లీమీటర్లది తెప్పించాను. మొదటి రోజు 25 నిమిషాలు పట్టింది. నేను కూడా రేకునే ముందుకు తోశాను, దూది ఎగిరిపోయింది. రాడ్‌ను వెనక్కి లాగడం అలవాటయ్యాక నాలుగో రోజుకు మూడు గీకులకే వాజిలిన్ దూది అంటుకుంది. ఆక్సా బ్లేడు నిజంగా తేడా చూపించింది. కర్పూరం కలిపిన దూది ఇంకా తొందరగా అందుకుంది.

మొత్తం ఖర్చు 500లోపే. ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో అన్నీ పెట్టాను: లైటర్, అగ్గిపుల్లల సీసా, రాడ్, బ్లేడు, కర్పూరం, దూది. డబ్బాకు రబ్బరు రింగు ఉంది, నీళ్ళలో ముంచినా లోపల పొడిగానే ఉంది. దీనికి తోడు ఒక మైనపు పుల్లల సీసా మా స్నేహితుడి బ్యాగులో ఉంటుంది, నా బ్యాగు పోయినా పరవాలేదు.

---

తుంగభద్ర తీరం (కర్నూలు) – తర్వాతి ఆదివారం, సాయంత్రం 7:10

చాలా సంతోషం. పుల్లల సీసాను 6 నెలలకోసారి మార్చండి.

---

పెన్నొడ్డు (ప్రొద్దుటూరు) – డిసెంబరు చివరి వారం, సోమవారం

నిన్న తిరిగొచ్చాం. వాన లేదు, కానీ పొగమంచుకు గడ్డి అంతా చెమ్మ పట్టింది. గాలి అలాగే ఉంది. గొర్రెలదారి గారు చెప్పినట్టు మధ్యాహ్నం నుంచే చితుకులు ఏరి టెంట్ లోపల గోనెసంచి కింద పెట్టాం. టెంట్లు నడిపే ఆయన చూపించిన చోటే, గాలికి వీపు పెట్టి కూర్చున్నాం.

లైటర్ తీయబోతుంటే పిల్లాడు ‘నేను అంటిస్తా’ అన్నాడు. రాడ్ ఇచ్చాను. ఐదో గీకుకు దూది అంటుకుంది. వాడు అరవలేదు, ఎగరలేదు. ఒక్కో పుల్ల నెమ్మదిగా పెడుతూ కూర్చున్నాడు. పెసరపప్పు కిచిడీ వండాం, నెయ్యి వేసుకుని తిన్నాం. రాళ్ళు పొలం గట్టు మీద ఎండలో పడి ఉన్నవి, నాపరాయి గారూ.

పొద్దున రెండు బిందెల నీళ్ళు పోసి, బూడిద కలిపి, చెయ్యి పెట్టి చూశాకే బయలుదేరాం. ఫొటో పెడుతున్నాను.

గొర్రెలదారి గారూ, పిల్లాడు దారిలో ఒక పలుగురాయి ఏరుకొచ్చాడు. ఆ ఉక్కు ముక్క ఎక్కడ చేయించాలో చెప్తారా? రోజుకు నాలుగుసార్లు అడుగుతున్నాడు.

---

గొర్రెలదారి (మడకశిర) – డిసెంబరు చివరి వారం, సోమవారం

ఎక్కడా చేయించొద్దు. పాత ఆకురాయి ఒకటి కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి, పళ్ళు నూరించి, ఒక అంచు నున్నగా చేయించండి. అంత గట్టి ఉక్కే కావాలి, మెత్తటి ఇనుము రవ్వ ఇవ్వదు. నూరేటప్పుడు ఎర్రగా కాలనివ్వకూడదని కమ్మరికి చెప్పండి. మొదట నేర్చుకునేటప్పుడు వేళ్ళు చిట్లుతాయి, ఎడమచేతికి తోలు గ్లౌజు తొడగండి.